అత్తగారి పేరున్న కంచం

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది. హెణ్ణూరు వైపు ఉన్న ఒక తెలుగు బాప్టిస్టు సంఘంలో సభ్యురాలు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 51, సొంతూరు కావలి దగ్గర పల్లె, పెళ్ళయి ఈ ఊరొచ్చి 27 ఏళ్ళు. భర్త సంఘానికి ట్రెజరరు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట ఆ చుట్టుపక్కల కాలేజీల్లో చదివే ఆఫ్రికా పిల్లలు ఇద్దరు ఆ చర్చికి రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు తొమ్మిదిమంది. తెలుగు రాదు. పాస్టరుగారు వాక్యం మధ్యలో ఇంగ్లీషులో నాలుగు మాటలు చెబుతారని, నడిచి రావచ్చని వస్తారు. వాళ్ళు కూర్చున్న బెంచీకి ముందు బెంచీ, వెనక బెంచీ మెల్లగా ఖాళీ అయిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు, లేచి వెళ్ళి ఫ్యాను కింద కూర్చున్నారు, అంతే.

ప్రతినెలా మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు భోజన సంస్కారం, ఆ తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందు. విందుకి వాడే 150 స్టీలు కంచాలు ఈవిడ అత్తగారి జ్ఞాపకార్థం వీళ్ళ కుటుంబమే ఇచ్చింది. అంచు మీద ఆవిడ పేరు చెక్కించారు. మొన్న ఒక విందులో వడ్డన ఈవిడ వంతు. వెనకనుంచి ఎవరో "వాళ్ళకి పేపరు ప్లేట్లు పెట్టమ్మా" అన్నారు. పక్క కొట్టునుంచి ఒక కట్ట తెప్పించి పెట్టేశారు. సాంబారుకి ప్లేటు నాని కిందికి కారుతుంటే, నర్సింగు చదివే నైజీరియా అమ్మాయి ఒకతె వచ్చి, "ఆంటీ, ఒక స్టీలు ప్లేటు ఇస్తారా, నేనే కడిగి ఇచ్చేస్తాను" అని ఇంగ్లీషులో అడిగింది. ఈవిడ "అయిపోయాయి" అన్నారు. వెనక బల్ల మీద నలభై కంచాలు దొంతరగా ఉన్నాయి. ఆ అమ్మాయి దొంతర వైపు చూసి, ఈవిడ వైపు చూసి, "ఓకే ఆంటీ" అని వెళ్ళిపోయింది. మళ్ళీ చర్చికి రాలేదు. మిగతా ఎనిమిదిమంది ఆరాధనకు వస్తారు కానీ విందుకి ఆగడంలేదు.

ఇప్పుడు కమిటీ ముందు ఒక ప్రతిపాదన ఉంది. ఆ పిల్లల కోసం మధ్యాహ్నం మూడింటికి విడిగా ఇంగ్లీషు ఆరాధన పెడదామని. "వాళ్ళకే సౌకర్యం" అంటున్నారు. భర్త దాన్ని సమర్థిస్తున్నారు. విదేశీయుల కానుకలు తీసుకుంటే చట్టంతో చిక్కొస్తుందని ఆయన భయం. పెద్దల్లో ఒకాయన "తెలుపు నలుపు గొడవ అమెరికా వాళ్ళది, మనకెందుకు" అన్నారు. పాస్టరుగారు మాత్రం కంచాల సంగతి విని, కమిటీలో ఆ మాట మీరే చెప్పండమ్మా అని అడుగుతున్నారు. చెబితే మా అమ్మ పేరు బజారున పడుతుందని భర్త. చివర్లో ఆవిడ ఇలా రాశారు: "మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర మా నాన్న చూరులోంచి గ్లాసు తీసుకుని, టీ తాగి, కడిగి మళ్ళీ చూరులో పెట్టేవాడు. నేను చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను. అదంతా తెలిసిన నేనే ఈ పని ఎలా చేశాను? ఇప్పుడేం చెయ్యను?"

సోదరీ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ "అయిపోయాయి" అన్న మాట దగ్గర ఆగాను. పేపరు ప్లేట్లు పెట్టమన్నది వేరొకరు. తెప్పించడం హడావుడిలో జరిగిపోయింది అనుకోవచ్చు. ఆ ఒక్క మాట మాత్రం మీది. ఆ సంగతి మీరే దాచకుండా రాశారు కాబట్టి మీకు జోల పాడబోవడంలేదు, తిట్టబోవడమూ లేదు. మీ ఉత్తరంలో నాలుగు ముడులు ఒకదానికొకటి పెనవేసుకుని ఉన్నాయి: ఆ అమ్మాయి, మీ ఆయన, మూడింటి ఆరాధన, మీ నాన్నగారి గ్లాసు. విడదీసి చూద్దాం.

ముందు గ్లాసు సంగతి. "ఎలా చేశాను" అని అడిగారు. నాకు తెలిసింది చెబుతాను. కులం పేరున పెట్టిన వేరు గ్లాసు చూస్తూ పెరిగినవాళ్ళకి ఒకటి నేర్పకుండానే వచ్చేస్తుంది, చూరు కింద ఎవరో ఒకరు ఉండి తీరతారని. మనం లోపలికి రాగలిగామంటే ఆ చోటు ఖాళీ అయిందని, ఎవరో ఒకరు దాన్ని నింపాలని మనసు లెక్కేసుకుంటుంది. నేను చెన్నైలో పెరిగాను. బడిలో తమిళ పిల్లలు మమ్మల్ని "గొల్టీ" అని ఏడిపించేవాళ్ళు. మేం ఏడుస్తూ ఇంటికొచ్చి, సాయంత్రానికల్లా మాకంటే నల్లగా ఉన్న ఎదురింటి పిల్లని "కాకి" అని పిలిచేవాళ్ళం. అందులో తప్పుందని పెద్దయ్యేదాకా తట్టలేదు. పెళ్ళి సంబంధాల దగ్గర "చామనఛాయ" అనే మాట మర్యాద కోసం వాడే జాతి మనది, సంఘాల్లో వచ్చే సంబంధాలు కూడా దానికి మినహాయింపు కాదు. "నలుపు నారాయణ మెచ్చు" అని సామెత ఉంది కానీ, మెచ్చే పని నారాయణుడికే వదిలేశాం.

అందుకే "అమెరికా గొడవ" అన్న పెద్దాయన మాట నిలవదు. మీది బాప్టిస్టు సంఘం. నెల్లూరులో మిషన్ మొదలైంది 1840లో, పంపింది అమెరికా బాప్టిస్టులు. ఐదేళ్ళు తిరక్కుండానే, 1845లో, బానిసల్ని ఉంచుకున్నవాడు మిషనరీ కావచ్చా లేదా అన్న ప్రశ్న మీద ఆ బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. కావచ్చన్న దక్షిణాది వాళ్ళు విడిపోయి తమ సమాఖ్య పెట్టుకున్నారు. దానికి క్షమాపణ చెప్పడానికి వాళ్ళకి 1995 దాకా పట్టింది. నెల్లూరు మిషన్ ఉత్తరాది వాళ్ళ వైపు ఉండిపోయింది కాబట్టి మీ పూర్వీకుల దగ్గరికి వచ్చిన మనిషి ఏ పక్కనుంచి వచ్చాడో మీకు తెలుసు. ఆ గొడవ దాటుకునే సువార్త మీ ఊరొచ్చింది. పెద్దాయనకు ఓపికుంటే చెప్పండి, లేకపోతే వదిలెయ్యండి. వాదనలో గెలిచినంత మాత్రాన ఆయన పాత బెంచీకి తిరిగి రాడు.

ఇక మీ ఆయన. ఆయన మీద మీకు కోపంగా ఉందని ఉత్తరంలో తెలుస్తోంది. కానీ ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. విదేశీ పౌరులు ఇచ్చే డబ్బు, ఇక్కడే ఉండి రూపాయల్లో ఇచ్చినా సరే, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ప్రకారం విదేశీ విరాళమే. ఆ రిజిస్ట్రేషన్ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. ట్రెజరరు సంతకం పెట్టేవాడు కాబట్టి ఆయన భయపడడం న్యాయమే. అలాగే, ఆరాధనకు వచ్చి కూర్చోడానికి, వాక్యం వినడానికి ఏ వీసా అడ్డురాదు కానీ స్టూడెంటు వీసా మీద ఉన్నవాళ్ళు ప్రసంగాలు చెయ్యడం, మత ప్రచారం చెయ్యడం నిబంధనలకు విరుద్ధం. ఇవి మీ ఆడిటరుని కూర్చోబెట్టి రాతపూర్వకంగా తెలుసుకోవలసిన విషయాలు. ఒకటి మాత్రం ఆయన్ని అడగండి: చట్టం కానుక సంచి గురించి చెప్పింది, కంచం గురించి ఎక్కడైనా చెప్పిందా? బెంచీ గురించి? సంచి ఆ పిల్లల్ని దాటిపోతున్నప్పుడు, అది ఎందుకు దాటిపోతోందో ఎవరైనా వాళ్ళకి చెప్పారా? చెప్పి దాటిస్తే అది జాగ్రత్త. చెప్పకుండా దాటిస్తే, ఖాళీ అయిన బెంచీల మధ్య కూర్చున్న పిల్లకి అది మరో ఖాళీ బెంచీలాగే కనిపిస్తుంది. ఈ పని ఆయనే చెయ్యగలరు. ఆరాధన అయ్యాక ఆ పిల్లల దగ్గరికి వెళ్ళి, మీ దేశపు పాస్‌పోర్టు వల్ల ఈ చిక్కు, మీ డబ్బు మాకు చేదై కాదు అని ఐదు నిమిషాలు చెప్పడం. భయం ఉన్న మనిషికి తన పరిధిలో ఒక పని దొరికితే మిగతావి వినే ఓపిక వస్తుంది.

ఆయన రెండో భయం అమ్మ పేరు. గలతీ పత్రిక రెండో అధ్యాయం మీకు తెలిసిందే. పేతురు అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి భోంచేస్తూనే ఉన్నాడు. యెరూషలేము నుంచి తోటి యూదులు వచ్చారనగానే లేచి పక్కకెళ్ళిపోయాడు. నమ్మకం మారి కాదు, చూసేవాళ్ళు వచ్చారని. మీ ఆయన ఆ పిల్లల్ని ఇంటికి పిలిచి టీ ఇచ్చారని మీరే రాశారు. కమిటీ హాల్లో మాత్రం మరో మనిషి. పేతురుని పౌలు అందరి ఎదుటే నిలదీశాడు కానీ పౌలు ఆయన భార్య కాదు. మీరు ఇంట్లో, ముందే మాట్లాడండి. కమిటీలో ఏం చెప్పబోతున్నారో మాట మాటా వినిపించండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. అయినా అక్కడ ఆయన నెత్తిన ఉరుము పడకుండా ఉంటుంది.

కమిటీలో చెప్పడమా మానడమా అన్నది మీ అసలు ప్రశ్న. మానేస్తే ఏమవుతుంది? బయటికి ఏమీ కాదు. మూడింటి ఆరాధన తీర్మానం అవుతుంది, రెండు నెలలు పిల్లలు వస్తారు, పరీక్షలొస్తాయి, తగ్గుతారు, "వాళ్ళే రావడం మానేశారు" అని మినిట్సు పుస్తకంలో రాసుకుంటారు. మీ ఇంట్లో ప్రశాంతంగానే ఉంటుంది. ప్రతినెలా మొదటి ఆదివారం ఆ దొంతర చూసినప్పుడు మీకెలా ఉంటుందో మాత్రం నేను చెప్పలేను.

చెబితే, మీ గురించే చెప్పండి. "పెట్టమ్మా" అన్నదెవరో చెప్పొద్దు. పేరు చెప్పిన మరుక్షణం ఆ అమ్మాయి సంగతి పక్కకి పోయి, ఎవరన్నారు ఎవరనలేదు అనే పంచాయతీ మొదలవుతుంది. మన కమిటీలు దానికోసమే ఎదురుచూస్తుంటాయి. "కంచాలున్నాయి, లేవన్నాను, అందుకే మూడింటి ఆరాధన గురించి నాకు అనుమానంగా ఉంది" అంటే చాలు. దానికి కొందరు మీతో మాట్లాడ్డం తగ్గిస్తారు. స్త్రీల సమాజంలో ఒకరిద్దరు "ఈమెకి పాస్టరుగారు ఎక్కించారు" అంటారు. అది జరుగుతుందనే అనుకుని వెళ్ళండి. ఒకటి మర్చిపోకండి: ఆ అమ్మాయిని అడగకుండా ఆమె పేరు, ఆమె కాలేజీ ఆ గదిలో ఎత్తడానికి మీకు హక్కులేదు. ఆమె కథ మీ సాక్ష్యంలో ఉదాహరణ కాకూడదు.

అంటే కమిటీకంటే ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాలి. ఇక్కడే చాలామంది మంచివాళ్ళు పని చెడగొడతారు. వెళ్ళి ఏడుస్తారు. అప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్ల యాభయ్యేళ్ళ ఆంటీని ఓదార్చాల్సొస్తుంది. "మా ఉద్దేశం అది కాదు" అంటారు, ఆ పిల్ల దొంతరని కళ్ళారా చూసింది. చీరో, స్వీటు డబ్బానో పట్టుకెళతారు. వద్దు. ముందు ఒక మెసేజి పెట్టండి, కలవొచ్చా అని. ఒప్పుకుంటే ఆమె చెప్పిన చోటికి వెళ్ళండి. "కంచాలు ఉన్నాయి. లేవని అబద్ధం చెప్పాను. నువ్వు ఎక్కణ్ణుంచి వచ్చావో చూసి అలా చేశాను" అని చెప్పండి. ఇంగ్లీషు సరిగా రాదని వెనకాడకండి, ఈ మూడు వాక్యాలకి సరిపడా వస్తే చాలు. తర్వాత ఊరుకోండి. ఆమె ఏమీ అనకపోవచ్చు. మళ్ళీ రానని అనొచ్చు. అంటే బతిమాలకండి.

ఆ పిల్లలు ఈ ఊళ్ళో ఏం మోస్తూ తిరుగుతారో కూడా తెలిసి ఉండడం మంచిది. 2016 జనవరి 31న హెసరఘట్ట రోడ్డులో ఒక సూడాన్ విద్యార్థి కారు గుద్ది ఒక స్థానిక మహిళ చనిపోయింది. కాసేపటికి వేరే కారులో అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిని, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని అమ్మాయిని, బయటికి లాగి కొట్టారు, ఆమె వచ్చిన కారు తగలబెట్టారు. చేసినవాడి రంగు ఉంటే చాలు, ఎవరైనా ఒకటే అనుకున్నారు. ఇక్కడికి చదువుకి వచ్చే ఆఫ్రికా పిల్లలకి ఈ సంగతి సీనియర్ల నోట చేరే ఉంటుంది. అలాంటి ఊళ్ళో నడిచి రాగలిగిన చోటు మీ చర్చి. "ఓకే ఆంటీ" అన్న మాట అంత తేలిగ్గా, అంత త్వరగా ఎలా వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. అది చాలాసార్లు అని అలవాటైన మాట.

మూడింటి ఆరాధన చెడ్డదని నేననను. భాష రాని ఆరాధనలో రెండు గంటలు కూర్చోవడం కష్టమే, మనవాళ్ళు కన్నడ చర్చిలో ఎంతసేపు కూర్చుంటారో చూడండి. నాకు కావలసింది ఒక్కటే, అది ఎవరు అడిగారు? ఆ తొమ్మిదిమందీ అడిగితే తాళం చెవి ఇచ్చి, కరెంటు బిల్లు సంఘమే కట్టి, నెలకోసారి రెండు ఆరాధనలూ కలిపి పెట్టుకోవచ్చు. వాళ్ళు అడక్కుండా మనమే "సౌకర్యం" అంటే, చూరులో గ్లాసు కూడా ఒకప్పుడు సౌకర్యమనే పెట్టారు. తీర్మానం వెయ్యకముందు వాళ్ళలో ఇద్దర్ని పిలిచి అడగమని కమిటీని కోరండి. దీన్ని వ్యతిరేకించడం ఎవరికైనా కష్టం. మీకు మాట్లాడే ధైర్యం ఒక్క వాక్యానికే సరిపోతుందనుకుంటే కంచాల మాట వదిలేసి ఈ వాక్యం చెప్పండి.

పాస్టరుగారికి నా తరఫున ఒక మాట చేరవేయండి. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో గొడవ భోజనం గురించే. గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి దినదిన పరిచర్యలో అన్యాయం జరుగుతోందని సణుగుడు లేచింది. అప్పుడు సంఘం ఒక ప్రసంగం చేసి ఊరుకోలేదు, ఏడుగురిని ఎన్నుకుని బల్ల వాళ్ళకి అప్పజెప్పింది. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు... ఏడూ గ్రీకు పేర్లే. వడ్డనలో అన్యాయం జరిగిందన్న వాళ్ళ చేతికే గరిటె ఇచ్చారు. ఆ ఏడుగురిలో ఫిలిప్పే తర్వాత ఐతియొపీయుడి రథం దగ్గరికి పరిగెత్తింది. మన ప్రసంగాల్లో ఫిలిప్పు ఆ ఆఫ్రికా మనిషికి ఏం చెప్పాడన్నదే వింటాం. ఎక్కి నా పక్కన కూర్చోమని బతిమాలింది రథం సొంతదారు. ఆరోజు అతిథి ఫిలిప్పు.

అందుకని నా సలహాలో కాస్త గట్టిది ఇది. ఆ పిల్లలకి స్టీలు కంచం ఇవ్వడంతో ఆగిపోకండి. పెట్టడం మనకి తేలిక, పెట్టించుకోవడమే కష్టం. ఒక నెల ప్రేమ విందు బాధ్యత వాళ్ళకి ఇష్టమైతే వాళ్ళకి ఇవ్వండి. సరుకులు మీరే కొనివ్వండి, డబ్బు చిక్కు ఉండదు. వంట వాళ్ళది, వడ్డన వాళ్ళది. నైజీరియా వాళ్ళు అన్నంలో టమాటా, మిరపకాయ దట్టంగా వేసి జొలాఫ్ అని వండుతారు, మన నెల్లూరు నాలుకకి అదేం కొత్త కాదు. కడగడం మాత్రం వాళ్ళమీద పెట్టకండి, అక్కడ మీరూ నేనూ నిలబడాలి. ఆ రోజు కొందరు ఉపవాసం గుర్తొచ్చి ముందే వెళ్ళిపోతారు. ఎవరు వెళ్ళారో లెక్కపెట్టకండి. ఇదంతా మొదటి నెలే చెయ్యకండి కూడా. బెంచీలు ఇంకా ఖాళీగా ఉండగా విందు పెడితే ఫోటోకి తప్ప పనికిరాదు. ముందు మీరు మాత్రం ఆ ఖాళీ బెంచీలో వెళ్ళి కూర్చోండి, మూడు నాలుగు వారాలు, ఏ ప్రకటనా లేకుండా.

1910లో ఎడిన్‌బరోలో లోకమంతటి మిషనరీలు కూడిన సభలో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన అజరయ్యగారు లేచి మాట్లాడారు. మీరు ఆస్తులిచ్చారు, దేహాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్నివ్వండి అని తెల్లదొరల్ని అడిగారు. ఆ రోజు అడిగే వైపు ఉన్నది మనం. అప్పటికే ఆయన మన తెలుగు పల్లెల మధ్య పనిచేయడానికి వచ్చి ఉన్నారు, రెండేళ్ళకి దోర్నకల్ బిషప్పయ్యారు. తమిళుడు, తెలుగు నేర్చుకుని. మీ స్త్రీల సమాజంలో ఏదైనా చదివి వినిపించాలనుకుంటే ఈ సంగతి చెప్పండి, నా ఉత్తరం కాదు.

మీ అత్తగారు ఎలాంటి మనిషో మీరు రాయలేదు. పెద్దవాళ్ళ పేరు చెక్కిన కంచం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి ఆ పెద్దావిడ అన్నం పెట్టినట్టే కదా. ఆ మాట మీ ఆయనతో అని చూడండి, కంచాలు చెక్కించిన రోజు ఆయన ఏమనుకున్నారో ఆయనకే గుర్తొస్తుందేమో.

ఇంకొకటి. ఆ అమ్మాయి మీ వల్లే రావడంలేదని మీరు గట్టిగా నమ్ముతున్నారు. అయ్యుండొచ్చు. కానీ నర్సింగు పిల్లలకి ఆదివారాలు వార్డు డ్యూటీలు పడతాయి. మెసేజి పెట్టేముందు మిగతా ఎనిమిదిమందిలో ఎవర్నైనా అడిగి, పోస్టింగు ఏ షిఫ్టులో ఉందో కనుక్కోండి. నైటు చేసి పడుకున్న పిల్లని పొద్దున్నే లేపకండి.